ఎండలోని కానరాని వెలుగు: గుంటూరు గ్రహణము మొదలు పలనాటి జొన్నకూడు వరకు

విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, అనగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ, మంగళవారమునాడు ఉదయమున తెలుగుదేశము నడిమిభాగమున పట్టపగలే చీకటి క్రమ్మెను. ఆ సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బిజాపురము వైపునుండి వచ్చి, వనపర్తి, పలనాడు, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సముద్రమునకు సాగిపోయెను. అప్పటికి గుంటూరు జిల్లా లేదు. 1859లో తీసివేయబడిన ఆ జిల్లా మరల 1904లోగాని ఏర్పడలేదు. నడుమ పలనాడు కృష్ణా జిల్లాలోని తాలూకా. ఆనాడు పల్లెలవారు పట్టుస్నానము చేసి, దర్భలు వేసికొని, గర్భిణులను ఇండ్లలో కూర్చుండబెట్టి కాలము గడుపుచుండగా, గుంటూరులో మాత్రము కొందరు విదేశీయులు దుర్భిణులు ఎక్కుపెట్టుకొని ఆకాశమువైపు చూచుచుండిరి.

వారిలో ఒకరు ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన జాన్సెన్ పండితుడు. ఆంగ్ల ప్రభుత్వము పక్షమున మేజర్ టెన్నెంటు బృందముకూడ గుంటూరులోనే విడిసెను. మచిలీపట్టణమున మద్రాసు నక్షత్రశాలాధిపతి పాగ్సన్, వనపర్తిలో ఆ నక్షత్రశాలకే చెందిన చింతామణి రఘునాథాచార్యులు గ్రహణమును పరిశీలించిరి. జాన్సెన్ పట్టకము అమర్చిన దుర్భిణితో సూర్యుని అంచున లేచు జ్వాలలను చూచి, వాని వెలుగు కొన్ని ప్రకాశవంతములైన గీతలుగా విడిపోవుట గమనించెను. గ్రహణము విడిచిన మరునాడు కూడ ఆ గీతలను చూడగలిగెను. అంతకుముందు గ్రహణకాలమునందు మాత్రమే కనబడు జ్వాలలు అప్పటినుండి ప్రతిదినము చూడదగినవయ్యెను. ఆ గీతలలో ఒకటి పసుపుపచ్చనిది. భూమిమీద ఎరిగిన ఏ ధాతువుదియు కాదని పిమ్మట తేలిన ఆ గీతకు కారణమైన వాయువునకే సూర్యుని పేరున హీలియమను నామము కలిగెను. 1895లో రామ్సే దానిని భూమిమీదనే పట్టి చూపెను.

గుంటూరి గ్రహణము సూర్యుడు దేనితో చేయబడెనో చెప్పినది. అయితే పొలమున నాగలిపట్టువానికి కావలసిన ప్రశ్న వేరు. సూర్యుని వెలుగు ప్రాణికోటికి ఏమి చేయును? దాని మేలెంత, కీడెంత? ఈ ప్రశ్నకు సమాధానము సగము మన కంటికి కానరాని వెలుగులోనే యున్నది.

వెలుగును పట్టకముగుండ పంపినచో ఊదా మొదలు ఎరుపు వరకు రంగులు వరుసగా పరచుకొనును. 1800లో విలియం హెర్షెల్ ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట, ఉష్ణమాపకము నుంచి చూడగా అచ్చటనే వేడిమి హెచ్చుగా నుండెను. మరుసటి సంవత్సరము జర్మనీ దేశస్థుడు రిట్టర్, ఒకవైపున అట్లున్నచో రెండవవైపున ఏమున్నదోయని వెదకెను. వెండి లవణము పూసిన కాగితము వెలుగు సోకినచో నల్లబడును. ఆ కాగితమును రంగుల వరుసలో ఉంచగా, ఊదాకు ఆవల, కంటికి చీకటియైన తావుననే అది అన్నిటికంటె త్వరగా నల్లబడెను. ఆ కానరాని వెలుగునే నేడు అతినీలలోహిత కిరణములని పిలుచుచున్నారు. మనము చూడగలిగిన వెలుగు తరంగపు పొడవు మిల్లీమీటరులో పదిలక్షవ భాగమును కొలతగా తీసికొన్నచో సుమారు 400 మొదలు 700 వరకు ఉండును. దానికి దిగువన 315 వరకు గలదానిని ‘ఎ’ తరగతియనియు, 315 మొదలు 280 వరకు గలదానిని ‘బి’ తరగతియనియు, అంతకు దిగువన 100 వరకు గలదానిని ‘సి’ తరగతియనియు విభజించిరి. తరంగము పొట్టిదైనకొలది దాని కాటు వాడియగును. ఆకాశమున ఎత్తున గల ఓజోను వాయువు ‘సి’ని పూర్తిగను, ‘బి’ని చాలవరకును మింగివేయుచున్నది. కావుననే భూమిమీద ప్రాణులు బ్రదుకగలుగుచున్నవి.

ఈ వెలుగు ప్రాణులపై పనిచేయునని మొదట తెలిసినది అల్పజీవులవలన. 1877లో డౌన్స్, బ్లంట్ అను ఇద్దరు ఆంగ్లేయులు సూక్ష్మజీవులు పెరుగు ద్రవమును గాజుగొట్టములలో పోసి, కొన్నిటిని ఎండలోను కొన్నిటిని నీడలోను ఉంచిరి. నీడలోనివి మురిగి కలకబారెను. ఎండలోనివి తేటగా నిలిచెను. దుప్పట్లు, పరుపులు ఎండలో వేయుమని చెప్పిన మన పెద్దల మాటకు ఇదియే శాస్త్రము. అదే కాలమున జాన్ లబ్బక్ అను పండితుడు చీమలపుట్టపై రంగుల వరుసను పరచి చూచెను. చీమలు తమ పిల్లలను ఊదాకు ఆవలనున్న, మనకు చీకటిగా తోచు తావునుండి మోసికొని పోయి ఎరుపువైపున దాచెను. మనిషి కంటికి లేని వెలుగు చీమ కంటికి కలదు. తేనెటీగకును కలదు. మనకు ఒకే పసుపుగా తోచు పూవులు కొన్ని దాని కంటికి నడుమ మచ్చతో కనబడి, మకరందమున్న తావునకు దారి చూపుచుండును.

అల్పజీవి ఎందుకు చచ్చుచున్నదనుటకు సమాధానము ఇరువదవ శతాబ్దమున దొరికెను. ప్రతి కణములోను తరతరముల వ్రాత యొకటి కలదు. అది డి.ఎన్.ఎ. అను పొడుగైన తీగవంటి పదార్థము. అతినీలలోహిత కిరణము సోకినచో ఆ తీగలో ప్రక్కప్రక్కనున్న కొన్ని అక్షరములు ఒకదానికొకటి అతుకుకొని పోవును. అడంగలు పుస్తకములో రెండు సర్వే నంబర్లు సిరా ఒలికి కలసిపోయినట్లే! అట్టి వ్రాతను చదువలేక కణము చచ్చును. లేదా తప్పు చదివి వికారముగా పెరుగును. చర్మమున పుట్టు కేన్సరు కొన్ని ఈ రెండవ మార్గమున వచ్చినవే. అయితే కణము చేతులు ముడుచుకొని కూర్చుండదు. అతుకును కత్తిరించి, సరియైన అక్షరమును మరల వ్రాసికొను ఏర్పాటు దానికి కలదు. ఆ దిద్దుబాటుకు కొంత సరకు కావలెను. ఆ సరకు తినెడి కూటినుండి రావలెను. ఈ మాట గుర్తుంచుకొనవలసినది. పలనాటి కథకు ఇదియే మూలము.

శ్రీనాథ మహాకవి పలనాడు చూచి చెప్పినవని లోకము చెప్పుకొను చాటువులలో రాళ్ళును, నీటి కరవును, జొన్నకూడును ప్రసిద్ధములు. సన్నన్నము తినిన రాజాస్థాన కవికి జొన్న మింగుడుపడకపోవుట నవ్వు పుట్టించును గాని, పలనాటివారికి అది నవ్వులాట కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాది పడి, 1967లో కాలువలకు నీరు వదలువరకు, మాచెర్ల, గురజాల ప్రాంతముల మెట్టనేలలలో జొన్నయే ప్రాణాధారము. జొన్నసంకటి, జొన్నరొట్టె, జొన్నయంబలి. ప్రక్కన పప్పో, మజ్జిగయో, గోంగూరయో ఉన్న ఇంటికి అది మంచి ఆహారమే. చిక్కు వచ్చినది ప్రక్కన ఏమియు లేని ఇంటికి.

దక్కను పీఠభూమిలో జొన్న యొక్కటే తిని బ్రదుకు పేద కూలీలలో ఒక జబ్బు కనబడుచుండెను. మెడచుట్టును, ముంజేతులమీదను, పాదములమీదను, అనగా బట్ట కప్పని తావులందు, చర్మము కాలినట్లు నల్లబడి, బిరుసెక్కి, పగిలిపోవును. రవికె చేతి అంచు ఎచ్చట ఆగునో మచ్చయు అచ్చటనే గీత గీచినట్లు ఆగును. పిమ్మట విరేచనములు, మనసు కలత, మందమతి. ఎండకాలమున హెచ్చును. చూచినవారు ఎండదెబ్బయనిరి, కొందరు కుష్ఠమని భయపడి దూరముగా తొలగిరి, కొందరు పూర్వజన్మ కర్మమనిరి.

ఈ జబ్బు మనదేశమునకే చెందినది కాదు. స్పెయిన్ దేశమున కాసాల్ అను వైద్యుడు 1735లోనే మొక్కజొన్న తిని బ్రదుకు పేద రైతులలో దీనిని చూచి వర్ణించెను. మెడచుట్టు వచ్చు మచ్చకు నేటికిని ‘కాసాల్ హార’మనియే పేరు. ఇటలీవారు దీనిని ‘పెల్లాగ్రా’ అనిరి; గరుకు చర్మమని దాని యర్థము. అమెరికాలో ఇది అంటువ్యాధియని వేలమంది నమ్ముచుండగా, 1914 మొదలు గోల్డ్‌బర్గర్ అను ప్రభుత్వ వైద్యుడు అది అంటువ్యాధి కాదనియు, కూటి కొరతయేయనియు వాదించెను. వాదముతో ఆగక, రోగుల రక్తమును తన శరీరములో ఎక్కించుకొని, తనకు జబ్బు రాలేదని చూపెను. 1937లో ఎల్వెహ్జెం పండితుడు ఆ కొరతను తీర్చు పదార్థము నియాసిన్ అని కనుగొనెను.

జొన్నతో వచ్చు పెల్లాగ్రాను పరిశోధించిన కీర్తి మన హైదరాబాదుకు దక్కెను. 1918లో కూనూరున పుట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి వచ్చెను. 1969 నుండి దానిని జాతీయ పోషకాహార సంస్థయని పిలుచుచున్నారు. అచ్చటి గోపాలన్, శ్రీకంఠయ్య అను వైద్యులు 1960లో ఒక క్రొత్త మాట చెప్పిరి. జొన్నలో నియాసిన్ పూర్తిగా లేకపోలేదు. కాని అందు ల్యూసిన్ అను పదార్థము హెచ్చుగా నుండుటచేత, శరీరము నియాసిన్‌ను తయారుచేసికొని వాడుకొను పనికి అడ్డు కలుగుచున్నదని వారి సిద్ధాంతము. దీనిని పిమ్మట అందరు శాస్త్రజ్ఞులును అంగీకరింపలేదు. చర్చ చాలకాలము సాగెను. అయితే ఒక్క సంగతి మాత్రము నిలిచెను: జబ్బునకు వేరు గంజికుండలో ఉన్నది, ఆకాశమున లేదు. నియాసిన్ చాలినచో కణము ఎండ చేసిన గాయమును దిద్దుకొనగలదు, చాలనిచో దిద్దుకొనలేదు. ఒకే చేనిలో, ఒకే ఎండలో కలుపు తీసిన ఇద్దరిలో పప్పును మజ్జిగను తినినవాని మెడ నిగనిగలాడుచుండగా, ఒట్టి అంబలి త్రాగినవాని మెడ పగిలెను. నేరము ఎండపై మోపబడెను. దోషము మాత్రము పేదరికముది.

జొన్న యొక్కటియే తినవలసిన కాలము గడచినకొలది పెల్లాగ్రా కూడ అరుదయ్యెను. కనుక నేడు జొన్నను నిందింపవలసిన పనిలేదు. అది బలమైన ధాన్యమే. తోడు కావలెనని మాత్రమే చరిత్ర చెప్పుచున్నది.

ఎండ కీడు చేయు కథ అట్లుండగా, మేలు చేయు కథయు కలదు. ఐరోపా పట్టణములలో పొగకప్పిన సందులయందు పెరిగిన పిల్లలకు ఎముకలు మెత్తబడి కాళ్ళు దొడ్డిపోవు జబ్బు వచ్చుచుండెను. 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అట్టి పిల్లలను పాదరసపు దీపమునుండి వచ్చు అతినీలలోహిత కాంతిలో ఉంచగా ఎముకలు గట్టిపడెను. చర్మమునందలి కొవ్వువంటి పదార్థము ‘బి’ తరగతి కిరణము సోకి విటమిన్-డిగా మారుచున్నదని తేలినది. ఈ తరగతి పదార్థముల పరిశోధనకు విండావుస్ పండితునికి 1928లో నోబెలు బహుమానము లభించెను. అంతకుముందే, 1903లో, చర్మక్షయను కాంతితో నయముచేసిన ఫిన్సెన్ వైద్యుడు అదే బహుమానమును పొందియుండెను. మన ప్రాచీనులు బావంచాలను మందుగా ఇచ్చి బొల్లి రోగిని ఎండలో కూర్చుండబెట్టుటయు ఈ జాతిదే. ఆ గింజలలోని పదార్థము ‘ఎ’ తరగతి కిరణముతో కూడి చర్మమునకు రంగు తెప్పించునని నేటి వైద్యులు ఒప్పుకొనిరి. మోతాదు మీరినచో బొబ్బలెక్కునుగాన వైద్యుని కనుసన్నలలోనే జరుగవలసిన చికిత్స యిది.

ఇంత ఎండగల తెలుగుదేశమున విటమిన్-డి కొరతయుండునా యని ఎవరైనను అడుగవచ్చును. తిరుపతి వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో పట్టణవాసులలోనేగాక చుట్టుపట్ల పల్లెలవారిలోను కొరత కనబడెను; పొలముపని చేయు పల్లెవారికి మాత్రము పట్టణవాసులకంటె మెరుగుగా నుండెను. లేయెండ మంచిదని మన వాడుక. కాని సూర్యుడు దిగువనున్నప్పుడు కిరణములు ఓజోను పొరలో ఏటవాలుగా చాలదూరము ప్రయాణింపవలసి వచ్చుటచేత, పనికివచ్చు ‘బి’ కిరణము తెల్లవారుజామున దాదాపు చేరదు. తిరుపతివారి పరిశీలనలో విటమిన్-డి తయారగుటకు పగలు 11 గంటలు మొదలు 2 గంటలవరకు గల కాలమే అనువైనదని తేలెను. గాజు కిటికీ వెనుక కూర్చున్నచో ఈ మేలు లేదు. గాజు ‘బి’ కిరణమును ఆపివేయును.

మన చర్మపు నలుపునకును ఇందులో పాత్ర కలదు. భీమవరమున 1895లో జన్మించి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. క్రొత్త రక్తము పట్టుటకును, గర్భమందలి శిశువు వెన్నెముక సరిగా ఏర్పడుటకును అది ముఖ్యము. తీక్ష్ణమైన అతినీలలోహిత కాంతి రక్తమునందలి ఫోలేటును చెడగొట్టగలదని 1978లో బ్రాండా, ఈటన్ అను పండితులు చూపిరి. దీనినిబట్టి 2000లో జాబ్లాన్‌స్కీ, చాప్లిన్ అనువారు, ఎండదేశముల మానవునికి నల్లని చర్మము ఆ పదార్థమును కాపాడు గొడుగుగా ఏర్పడెనని సిద్ధాంతము చేసిరి. నలుపు నారాయణుడు మెచ్చుననిన సామెతకు భీమవరపు తెలుగువాని మందు సాక్ష్యము పలికినట్లయ్యెను. పెండ్లిచూపులలో పిల్ల రంగును ఎంచువారు ఈ ముక్క చదువవలెను. అయితే ఆ గొడుగు విటమిన్-డి తయారగు పనిని కొంత నెమ్మది చేయును. నల్లనివారికి మరికొంతసేపు ఎండ కావలెను. ప్రకృతి ఒకచేత ఇచ్చినదానికి రెండవచేత కొంత లెక్క కట్టుకొనును.

పలనాటి పత్తిరైతునకు ఈ కిరణములతో మరియొక లావాదేవి కలదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి తెల్లదోమకును పచ్చపురుగునకును బలియై, అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేరు. విషపు మందులకు లొంగని పచ్చపురుగునకు రోగము తెచ్చు ఎన్.పి.వి. అను వైరసు ద్రావణమును వ్యవసాయశాఖవారు సిఫారసు చేసిరి. దానిని సాయంకాలముననే చల్లవలెనని, అందు బెల్లమును, బట్టల నీలిమందును కలుపవలెనని చెప్పుదురు. ఉదయము చల్లినచో పగటి ఎండలోని అతినీలలోహిత కిరణములు ఆ వైరసును చంపివేయును. పురుగు తినులోపలనే మందు నిర్వీర్యమగును. సాయంకాలము చల్లినచో రాత్రియంతయు పురుగు మేయును. నీలిమందు కిరణమునకు అడ్డుతెర. కారణము తెలియనివాడు పని సౌకర్యమును చూచి ప్రొద్దుననే చల్లి, మందు పనిచేయలేదని అంగడివానిని తిట్టుచుండును. 1877లో గాజుగొట్టములలో తేలిన సత్యము చేనిగట్టున అక్కరకు వచ్చుట యిట్లే.

కన్నుల విషయము కడపట చెప్పవలసియున్నది. జీవితమంతయు ఆరుబయట పనిచేసినవారి కంటిలో ముక్కువైపునుండి నల్లగ్రుడ్డుపైకి కండ పెరుగుటకు ఈ కిరణములు ముఖ్యకారణము. శుక్లములు వచ్చుటకును ఇవి కొంత కారణము. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు మన రాష్ట్రమున జరిపిన సర్వేలో కండ పెరుగుట ఆరుబయటి పనితోను, పల్లె నివాసముతోను ముడిపడియున్నట్లు తేలెను. తలగుడ్డ కన్నుబొమలకు దిగువగా నీడపడునట్లు చుట్టుట, వెడల్పు అంచుగల తాటాకు టోపి పెట్టుట, రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నపు కలుపుపనిని ఉదయ సాయంకాలములకు మార్చుట ఖర్చులేని వైద్యములు. కూలికి వచ్చినవారికి ఆ వెసులుబాటు కల్పించుట చేను గలవారి ధర్మము.

ఓజోను పొర పలుచనగుచున్నదని 1985లో దక్షిణధ్రువము దగ్గర కనుగొన్నప్పుడు లోకము భయపడెను. 1987లో మాంట్రియల్ నగరమున పలు దేశములు కూడి, ఆ పొరను తినివేయు వాయువుల తయారీని క్రమముగా మాన్పుటకు ఒడంబడిక చేసికొనెను. పొర నెమ్మదిగా కోలుకొనుచున్నది. మానవులు కూడి ఆలోచించినచో ఆకాశమునకు కూడ మాసిక వేయగలరని ఇది నిదర్శనము.

1868నాడు గుంటూరున విదేశీయుడు పట్టకముగుండ చూచిన వెలుగును, పలనాటి కూలి తన మెడపై అనుభవించిన వెలుగును ఒక్కటే. ఒకనికి అది కీర్తి తెచ్చినది. మరియొకనికి మచ్చ తెచ్చినది. ఆ ఇద్దరి నడుమనున్న దూరమును తగ్గించునది చదువు. పుస్తకములను ఎండలో విడిచినచో కాగితము పచ్చబారి పెళుసగునని గ్రంథాలయము వారెరుగుదురు. అదియు ఈ కానరాని వెలుగు పనియే. పుస్తకమును ఎండనుండి కాపాడవలెను. పుస్తకములోని మాటను మాత్రము ఎండలోనికి, చేనిలోనికి, కూలివాని గుడిసెలోనికి తీసికొని పోవలెను. ఇరువదియైదు వత్సరములుగా ఆ పనియే చేయుచున్న ఈ గ్రంథాలయము నూరేండ్ల పండుగకును ఇట్లే తలుపులు తెరచియుండుగాక!